మలుపు దగ్గర మూడు దెబ్బలు

ఆ వేసవి మా ఇంట్లో అందరికన్నా ముందు చోటు పోగొట్టుకున్నవి చాపలు. మా ఆవిడ అల్లి, ఆరబెట్టి, చుట్టి గోడకి నిలబెట్టిన చాపలన్నీ వంటగదిలోకి వచ్చాయి. వాటి గదిలో రెండు ఎర్రవి, రెండు పచ్చవి ప్లాస్టిక్ పడవలు పడుకున్నాయి. పొయ్యి దగ్గరికి పోవాలంటే చాపల మధ్య పక్కకు తిరిగి నడవాలి. నేను సన్నగా ఉంటాను కాబట్టి నాకు ఇబ్బంది లేదు. మా బావమరిదికి ఆ సందు పట్టదు. అందుకని టీ వాడున్న చోటికే వెళ్ళేది.

వాడు పట్నంలో ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టి, మూసేసి, "రెండు వారాలుండి పోతానక్కా" అంటూ వచ్చాడు. ఊళ్ళో వాడికి చిన్నప్పటి నుంచీ హడావుడి అని పేరు. ఏకై వచ్చి మేకై కూర్చున్నాడన్న మాట మొదట ఎవరన్నారో తెలియదు కానీ, వాళ్ళింట్లో కూడా ఒక బావమరిది ఉండే ఉంటాడు.

మేం చాపలల్లే జమ్ము గడ్డి కోసుకుని బతికేవాళ్ళం. మా వీధి చివర నీళ్ళు మొదలవుతాయి. అక్కడి నుంచి లోపలికి పోతే అంతా జమ్మే, మనిషి నిలువుకి రెండింతలు. జమ్ము మధ్య నీటిపాయలుంటాయి. వాటిలో పడవ మీద పోయి, కోసి, మోపులు కట్టి తెస్తాం. వేసవిలో జమ్ము లేతగా ఉంటుంది, కోత ఉండదు. అటవీశాఖ వాళ్ళు కోయనివ్వరు, మేం కూడా కోయం. ఆ నెలల్లో నేను పడవకి తారు పూసుకుని నిద్రపోతాను. నేను నిద్రపోవడం మా బావమరిది చూశాడు.

"బావా, ఇంత అడవి, ఇంత నీళ్ళు పెట్టుకుని పడుకుంటావా?"

"ఎండాకాలం."

"దీన్ని చూడ్డానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు బావా."

"దేన్ని?"

"దీన్నే!" అని చెయ్యి చాపాడు. అటువైపు మా ఆవిడ ఆరేసిన దుప్పట్లు ఉన్నాయి.

నెల తిరగకుండానే పడవలు వచ్చాయి, ఇంటి ముందు బోర్డు వచ్చింది, బోర్డు మీద దున్నపోతు బొమ్మ వచ్చింది. అది గీసింది కూడా వాడే. చూస్తే కుక్కలా ఉంది. పర్మిషన్ కోసం రేంజరు దగ్గరికి నన్ను కూడా లాక్కుపోయాడు. రేంజరు ఎత్తు మనిషి, ఎప్పుడూ నిద్ర చాలనట్టుంటాడు. అంతా విని ఒకటే మాట చెప్పాడు.

"వచ్చినవాళ్ళలో ఒక్కరికి దెబ్బ తగిలినా నీళ్ళలోకి పోయే గేటు మూసేస్తాను. షికారు పడవలకే కాదు, కోత పడవలకి కూడా. ఏ పడవ ఎవరిదో చూసే ఓపిక నాకు లేదు."

మా వీధిలో కోత మీద బతకని ఇల్లు లేదు. ఆ సాయంత్రం చాప అల్లుతున్న మా ఆవిడ దగ్గర నిలబడి చెప్పాను.

"ఏదైనా అయిందంటే నీ తమ్ముడు మళ్ళీ ఈ గడప తొక్కకూడదు."

"తొక్కడులే," అంది తలెత్తకుండా. "నేనూ తొక్కను."

జమ్ము పేక పక్కన ఇంకో పేక పెట్టి నొక్కింది. ఆ మాట తను అలవోకగా అనలేదని నాకు తెలుసు. వాళ్ళమ్మ పోయేనాటికి వాడు పాకుతున్నాడు. పెంచింది తనే.

మా నీళ్ళలో ఒక ఇరుకు మలుపు ఉంది. లోపలికి పోవాలన్నా, బయటికి రావాలన్నా అదే దగ్గర దారి. రెండువైపులా జమ్ము, ఒకవైపు కొంచెం గట్టు. కోత పడవ నిండా మోపులేసుకుని వస్తే ముందు ఏముందో కనపడదు, వెనక్కి తిరగడానికి చోటుండదు. అందుకని మలుపు రాకముందే తెడ్డు కర్రతో పడవ అంచు మీద మూడు దెబ్బలు కొడతాం. మా నాన్న కొట్టాడు, వాళ్ళ నాన్న కొట్టాడు. ఆ జమ్ములో ఒక ఒంటరి అడవి దున్నపోతు తిరుగుతుంది. మేం దాన్ని దొర అంటాం. దెబ్బలు విని దొర పక్కకి తప్పుకుంటాడు. మేం అక్కడ ఆగి, మలుపులో తట్టుకోకుండా మోపుల కొసలు కోసి గట్టు మీద పారేసి, ఇవతలికి వచ్చేస్తాం. ఇన్నేళ్ళలో దొర ఎవరి జోలికీ రాలేదు. ఏడాదికోసారి దూరంగా వీపు కనపడేది, అంతే.

మొదట వచ్చింది ఒక పళ్ళ డాక్టరు, ఆయన భార్య. నేను డాక్టరుని ఎక్కించుకున్నాను, హడావుడి ఆమెని. ఎండ ఇంకా ఎక్కలేదు. మలుపు దగ్గర తెడ్డు తిరగేసి మూడు దెబ్బలు కొట్టాను.

"బావా! ఏంటా దరువు?" వెనక నుంచి వాడు. "ఉన్న నాలుగు పిట్టలూ లేచిపోయాయి!"

"దొరకి వినపడాలి."

"వినపడితే పారిపోతాడు. వీళ్ళకి నేనేం చూపించాలి?"

"పారిపోవాలనే కొట్టేది."

మలుపు తిరిగాం. గట్టు మీద దొర నిలబడి ఉన్నాడు.

నా జన్మలో ఆయన్ని అంత దగ్గరగా చూడలేదు. కొమ్ములు పడవకన్నా వెడల్పు. ఒంటికి బురద ఎండి పెచ్చులు లేచింది. వీపు మీద తెల్ల కొంగ ఒకటి, సొంత ఇంట్లో ఉన్నట్టు నిలబడింది. మావైపు చూసి, గట్టు వైపు చూసి, మళ్ళీ మావైపు చూశాడు. నేను తెడ్డు కదపలేదు. పడవ దానంతటదే జారుకుంటూ పోయింది.

"అద్భుతం," అన్నాడు ఆయన ఒడ్డు చేరాక. ఆయన కాళ్ళు మాత్రం పడవ దిగడానికి చాలాసేపు ఒప్పుకోలేదు.

ఆ రాత్రి హడావుడి సంతోషానికి పగ్గాల్లేవు. నేను కంచం ముందు నుంచి లేచి బయటికి పోయాను. పొరుగింటి పెద్ద కోతగాడికి చెప్పాను. ఆయన మా అందరికన్నా ముందు నుంచీ కోస్తున్నాడు.

"మెల్లిగా కొట్టుంటావు," అన్నాడు. "ప్లాస్టిక్ పడవ కదా, పలకదు. చెక్క తెడ్డు పట్టుకుపో. గట్టిగా కొట్టు."

చెక్క తెడ్డు పట్టుకుపోయాను. గట్టిగా కొట్టాను. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి ఆ రోజు. దొర ఈసారి గట్టు మీద లేడు. గట్టు దిగి, నీళ్ళలో మోకాళ్ళ లోతున నిలబడి ఉన్నాడు. పెళ్ళికొడుకు ఫోటో తియ్యడానికి లేచి నిలబడ్డాడు. పెళ్ళికూతురు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. వాళ్ళ కాపురం బాగానే సాగుతుందనుకున్నాను.

హడావుడి నా మాట వినకుండా వేరేగా జనాన్ని తీసుకుపోవడం మొదలుపెట్టాడు. వాడు తెడ్డు కొట్టడు. "పిల్లిలా పోవాలి బావా," అంటాడు. జన్మంతా హడావుడి చేసినవాడు నీళ్ళ మీద మాత్రం పిల్లయ్యాడు. అలా పోయి వాడు చూపించినవి బాతులు. ఒక టీచరమ్మ పడవ దిగుతూనే, "బాతులు మా ఇంటి వెనకా ఉన్నాయి నాయనా, ఈ ఎండలో ఇంత దూరం రానక్కర్లేదు," అంది. ఇంకో రోజు నీటికుక్కల గుంపు ఎదురైంది. అందులో ఒకటి దర్జాగా వాడి పడవెక్కి, వచ్చినవాళ్ళ భోజనం సంచీ నోట కరుచుకుని దూకేసింది. వాడది గొప్పగా చెప్పుకుందామనుకున్నాడు కానీ, ఆకలితో తిరిగొచ్చినవాళ్ళు చెప్పనివ్వలేదు.

దాంతో వచ్చినవాళ్ళందరికీ నా పడవే కావాల్సి వచ్చింది.

"పెద్దాయన పడవెక్కితే దున్న కనపడుతుందట!"

"కనపడకుండా ఉండటానికే పోతున్నాను," అనేవాణ్ణి. నవ్వేవాళ్ళు. నేను జోకులేస్తాననుకునేవాళ్ళు. జన్మలో ఎవరినీ నవ్వించనివాణ్ణి, ఆ వేసవంతా నిజాలు చెప్పి నవ్వించాను.

నేను ఎంత గట్టిగా కొడితే ఆయన అంత దగ్గరికి వచ్చేవాడు. మూడు కొట్టేచోట ఆరు కొట్టాను. డబ్బా తీసుకుపోయి వాయించాను. మలుపు ఇంకా దూరముందనగానే జమ్ము కదిలేది. పెద్ద కోతగాడు గడ్డం గోక్కుని, "దీనికి చెవుడొచ్చిందేమో," అన్నాడు. హడావుడికి మాత్రం వేరే అనుమానం.

"బావా, నీ చేతిలో ఏదో ఉంది."

"తెడ్డు."

"అది కాదు. మహిమ లాంటిది."

"నీ తమ్ముణ్ణి నోరు ముయ్యమను," అన్నాను మా ఆవిడతో.

"వాడు కొట్టకుండా పోతే ఒక్క రోజైనా రాలేదటగా?" అంది తను.

"వాడి అదృష్టం."

"రోజూ అదృష్టమేనా?"

"మా తాతల నాటి పద్ధతి. ఫోన్లు బాగుచేసేవాడొచ్చి మార్చాలా?"

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అంది చాపలతో. చాపల మధ్య నుంచి పక్కకు తిరిగి బయటికి వచ్చేశాను.

వేసవి చివరికొచ్చింది. అప్పుడు వచ్చాడు ఒక భారీ మనిషి, పెళ్ళిళ్ళకి వంటలు చేయించే కాంట్రాక్టరు. ఆయన కూర్చోగానే ఎర్ర పడవ ముందు భాగం నీళ్ళలోకి దిగి, నేను వెనక గాలిలోకి లేచాను. మలుపు దగ్గర కొట్టాను. మలుపు తిరిగేసరికి దొర పాయకి అడ్డంగా నిలబడ్డాడు. తప్పుకోలేదు. ముందుకి అడుగేశాడు. కొమ్ము కిందకి దించి పడవ ముక్కుని ఒక్కసారి తోశాడు, గట్టిగా కూడా కాదు, వాకిట్లో అడ్డంగా ఉన్న బల్లని జరిపినట్టు. కాంట్రాక్టరు నీళ్ళలో పడ్డాడు.

లోతు ఛాతీ వరకే. ఆయనకి ఆ సంగతి తెలియదు కాబట్టి ఈదడం మొదలుపెట్టాడు. నేను దిగి ఆయన్ని లేపి నిలబెట్టేలోపు దొర వెనక్కి తిరిగి గట్టెక్కి, అక్కడే తచ్చాడుతూ ఉండిపోయాడు. కాంట్రాక్టరుకి గీత కూడా పడలేదు. ఒక చెప్పు పోయింది. కానీ ఆయన నోరు పెద్దది. సాయంత్రానికల్లా రేంజరు మా వాకిట్లో ఉన్నాడు.

"రేపు నేను వస్తాను. నా కళ్ళతో చూసి గేటు సంగతి తేలుస్తాను," అన్నాడు. టీ ఇస్తే తాగలేదు.

వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. ఆయన పోయాక పెద్ద కోతగాడు ఒక్కడే, "షికారుకి పోయి కూటికి నీళ్ళొదిలాం," అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

హడావుడి ఏమీ మాట్లాడకుండా సంచీ సర్దుకున్నాడు. అంత నిశ్శబ్దం మా ఇంట్లో వాడొచ్చాక అదే మొదలు. వేసవంతా నేను కోరుకున్నది అదే. తీరా వచ్చాక ఏం చేసుకోవాలో తెలియలేదు.

"గేటు మూస్తే రేపే పోతాలే బావా," అన్నాడు చివరికి.

మా ఆవిడ అల్లుతున్న చాప పక్కకి పెట్టింది.

"రేపు నేనూ వస్తా," అంది.

"నువ్వెందుకు?"

"మా తమ్ముడు చేసిందేంటో చూడొద్దూ?"

పొద్దున ఎర్ర పడవలో రేంజరు, నేను. వెనక పచ్చ పడవలో మా ఆవిడ, హడావుడి. పెళ్ళయిన కొత్తలో తను నాతో కోతకి వచ్చేది. ఆ అలవాటు కొద్దీ నడుముకి కొడవలి దోపుకుంది. మలుపు దగ్గర చెక్క తెడ్డు తిరగేశాను.

"బావా," అన్నాడు హడావుడి. బతిమాలుతున్నట్టు. "ఈ ఒక్కసారికీ కొట్టకు."

కొట్టాను. ముందెన్నడూ కొట్టనంత గట్టిగా మూడు దెబ్బలు.

జమ్ము విడిపోయింది. దొర పరుగెత్తుతూ రాలేదు, బుస కొట్టలేదు. తొందర పని మీద వచ్చిన మనిషిలా నేరుగా గట్టు మీదికి వచ్చాడు. తల వంచి గట్టంతా ఈ చివర నుంచి ఆ చివరికి వాసన చూశాడు. తల ఎత్తి మమ్మల్ని చూశాడు. మళ్ళీ వాసన చూశాడు. ముందు కాలితో నేల గీరి, నీళ్ళలోకి దిగాడు. రేంజరు రెండు చేతులూ పడవ అంచుల మీద వేశాడు. నేను తెడ్డు ఎత్తాను, ఇంకోసారి కొడదామని.

"ఆపు!" అంది మా ఆవిడ. "కొట్టకు. అది ఏదో వెతుక్కుంటోంది."

"ఏం వెతుక్కుంటుంది?"

తను నడుము నుంచి కొడవలి లాగింది. పడవలో నుంచే పక్కకి వంగి, లేత జమ్ము గుప్పిట పట్టి కొడవలేసింది.

"ఇది కోత లేని కాలం," అన్నాడు రేంజరు, పడవ అంచులు వదలకుండానే.

"నన్ను తర్వాత పట్టుకోండి సార్."

చేతినిండా కొసలు కోసి గట్టు మీదికి విసిరింది. ఇంకోసారి కోసింది, విసిరింది. దొర నీళ్ళలో ఆగాడు. వెనక్కి తిరిగాడు. గట్టెక్కి, తల దించి, మేత మొదలుపెట్టాడు. ఇక మా వైపు చూడలేదు. జమ్ము నములుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆయన పక్క నుంచే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, రెండు పడవలూ దాటుకుపోయాయి.

మలుపు దాటాక రేంజరు అడిగాడు. "కోత రోజుల్లో అక్కడ తెడ్డు కొట్టాక ఏం చేస్తారయ్యా?"

"మోపుల కొసలు కోస్తాం."

"కోసి?"

"గట్టున పారేస్తాం."

"మర్నాడు ఉంటాయా?"

"ఉండవు."

"ఏమైపోతాయి?"

"నీళ్ళు తీసుకుపోతాయనుకునేవాళ్ళం."

"గట్టెక్కి తీసుకుపోతాయా నీళ్ళు?"

నేను తెడ్డేస్తూ ఉన్నాను. ఇన్నేళ్ళూ మేం ఆయన్ని తప్పుకోమంటున్నామనుకున్నాం. ఆయనేమో భోజనానికి పిలుస్తున్నాం అనుకున్నాడు. పిలిచి, వడ్డించకుండా, వేసవంతా ఎదురుగా పోతూ వస్తూ ఉంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు. వెనక పడవలో హడావుడి ఉన్నాడు. ఒక్క మాట అంటాడేమోనని చూశాను. అనలేదు. అంతకన్నా అనుంటేనే బాగుండేది.

ఒడ్డుకి వచ్చాం. వీధి వీధంతా అక్కడే ఉంది. రేంజరు నన్ను పక్కకి పిలిచాడు, కానీ ఆయన గొంతు అందరికీ వినపడుతుంది.

"ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి గేటు ముయ్యను. నాకు రెండు దారులు కనపడుతున్నాయి. షికారు పడవలు రావడం వల్ల ఇదంతా జరిగిందంటే వాటిని ఆపేస్తాను. మీ కోత మీరు చేసుకోండి, ఎప్పటిలాగే. కాదు, మీ తెడ్డు దెబ్బలూ మీరు పారేసే కొసలే దాన్ని మనుషులకి అలవాటు చేశాయంటే, ఆ మలుపు మోపుల పడవలకి మూసెయ్యాలి. మీరు పెద్దనీరు చుట్టి రావాలి. నువ్వు పాతవాడివి. ఏది నిజం?"

జమ్ము అడ్డులేని ఆ పెద్దనీరు చుట్టి రావడమంటే గాలికి ఎదురు తెడ్డు. మోపుల పడవ ఒంటి మనిషికి లొంగదు. పెద్ద కోతగాడు నా వంకే చూస్తున్నాడు. అందరూ చూస్తున్నారు. వాళ్ళకి కావాల్సిన మాట చాలా చిన్నది. నాకు కావాల్సింది కూడా అదే. ఆ మాటంటే పడవలు పోతాయి, బోర్డు పోతుంది, చాపలు వాటి గదిలోకి పోతాయి, హడావుడి పోతాడు.

వాడు అవతల పచ్చ పడవని ఒడ్డుకి లాగుతున్నాడు. మా ఆవిడ రెండో వైపు పట్టుకుంది. ఇద్దరూ ఇటు చూడటం లేదు.

"పిలిచింది మేమే," అన్నాను. "వీళ్ళు రాకముందు నుంచీ."

రేంజరు తలూపి వెళ్ళిపోయాడు. వీధి జనం ఎటువాళ్ళటు పోయారు. పెద్ద కోతగాడు మాత్రం నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"జన్మంతా నోట్లో నాలుక లేనివాడివి. ఇవాళే దొరికిందా నీకు నాలుక?"

ఆయన కోత మొదలయ్యేదాకా నాతో మాట్లాడలేదు. మొదలయ్యాక అసలే మాట్లాడలేదు.

ఇంటికి వచ్చేసరికి హడావుడి సంచీ విప్పేశాడు. చొక్కాలు మేకుకి తగిలించాడు. రాత్రికి గొంతు కూడా విప్పాడు. మలుపు దాకా పోకుండా బయటి పాయల్లోనే తిప్పుతాడట, చప్పుడు లేకుండా, పిల్లిలా, నీటికుక్కలు చూపిస్తాడట. ఇంకో రెండు పడవలు తెప్పిస్తే ఎలా ఉంటుందని నన్నే సలహా అడిగాడు. దుప్పటి ముసుగేసుకున్నాను. ముసుగులోకి కూడా మాట్లాడాడు. మా ఆవిడ వాణ్ణి కసరలేదు, నన్ను మెచ్చుకోలేదు. పడుకోబోయే ముందు వంటగదిలో చాపల చుట్టలు జరుపుతున్న చప్పుడైంది. పొద్దున చూస్తే, పొయ్యి దాకా తిన్నగా నడిచి పోయేంత దారి ఉంది.

జమ్ము ముదిరింది. కోత మొదటి రోజు నేను పడవ విప్పుతుంటే మా ఆవిడ వచ్చి వెనక భాగంలో కూర్చుంది. చుక్కాని తెడ్డు తనే తీసుకుంది. అది నా చోటు. నేను ముందుకి పోయి కూర్చున్నాను.

రోజంతా కోశాం. మోపులేసుకుని పెద్దనీటిలోకి వచ్చేసరికి గాలి ఎదురుగా లేచింది. అల పడవ ముక్కుని కొట్టి నా ఒళ్ళో పడుతోంది. వెనక్కి తిరిగి చూస్తే మోపులు తప్ప తను కనపడదు. మా ఊరి గట్టు ఎంతకీ దగ్గరికి రాదు. భుజాలు లాగేస్తున్నాయి.

"దారి రెండింతలైంది," అన్నాను, గాలిలోకి.

మోపుల వెనక నుంచి గొంతు వచ్చింది.

"చెప్పింది నువ్వేగా?"

"నేనే."

"అయితే తెడ్డెయ్యి."

వేశాను.